మూడు షట్టర్ల పొత్తు

కురుమయ్యకు ఎడమ చెవి వినపడదు. ఇరవై ఏళ్ల వయసులో కర్ణాటకలో కాలువ తవ్వే పనికి పోయినప్పుడు, బండలు పగలగొట్టడానికి పెట్టిన మందు అతను పక్కకు తప్పుకోకముందే పేలింది. ప్రాణం దక్కింది, చెవి పోయింది. ఆ తర్వాత కూడా పదిహేనేళ్లకు పైగా అతను కాలువలే తవ్వాడు. రాయచూరు పక్కన తవ్వాడు, మహారాష్ట్రలో తవ్వాడు, ఒక ఏడాది ఒరిస్సా దాకా పోయి తవ్వాడు. తవ్విన కాలువల్లో నీళ్లు పారుతుంటే మాత్రం ఒక్కసారీ చూడలేదు. పని అయిపోగానే మేస్త్రీ గుంపును లారీ ఎక్కించి ఇంకో చోటికి తీసుకుపోయేవాడు.

అందుకే తొంభై ఏడులో, వనపర్తి కింది ఊళ్లకు కృష్ణ నీళ్లు తెచ్చే ఒక పిల్లకాలువ మీద పని దొరికినప్పుడు, మొదటి రోజంతా అతను నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. భార్య జములమ్మ తెచ్చిన సద్ది అట్లాగే ఉండిపోయింది.

"నీళ్లు యాడికి పోతయి? తిను ముందు," అని ఆమె కోప్పడింది.

షట్టర్లు ఎత్తి దించుతూ, కట్ట చూసుకునే మనిషిని అక్కడ లష్కర్ అంటారు. ఆ కాలువ మీద ముగ్గురు లష్కర్లు, మూడు షట్టర్లు. అన్నిటికన్నా పైన మాసయ్య. అతనికి ఆరు కిలోమీటర్ల కింద కురుమయ్య. ఇంకో అయిదు కిలోమీటర్ల కింద, కాలువ చివరి ఊళ్ల దగ్గర, పెద్దన్న. పేరు పెద్దన్నే గానీ ముగ్గురిలో చిన్నవాడు అతనే. మధ్యలో గుట్టలు, ఒకరికొకరు కనపడరు. చేతిలో ఫోన్లు లేని రోజులు. మాసయ్య పైన చక్రం తిప్పితే ఆ నీళ్లు కురుమయ్య దాకా రావడానికి మూడు గంటలు పట్టేది. అంటే కురుమయ్య కళ్ల ముందున్న నీళ్లు ఎప్పుడూ మాసయ్య మూడు గంటల కింద చేసిన పని. ఈ క్షణాన మాసయ్య ఏం చేస్తున్నాడో తెలియాలంటే ఇంకో మూడు గంటలు ఆగాల్సిందే.

ఈ సంగతి ఎంత పెద్దదో వాళ్లకు రెండేళ్ల దాకా అర్థం కాలేదు.

తొంభై తొమ్మిది సెప్టెంబరు. వేరుశనగకు ఊడలు దిగే సమయం. వానలు ముఖం చాటేశాయి. కాలువలో నీళ్లు పలచబడ్డాయి, రైతులు ముగ్గురి దగ్గరా మొత్తుకుంటున్నారు. ఒకరోజు మధ్యాహ్నం పెద్దన్న తన షట్టరు బాగా దించాడు. అట్లా దించితే వెనక నీళ్లు ఎత్తుకొని పక్క చేలకు ఎక్కుతాయి. అది సరైన పనే. తన దగ్గర నీళ్లు తగ్గాయని కురుమయ్య తన షట్టరు నిండుగా ఎత్తాడు. అదీ సరైన పనే. ఎవరో సైకిలు మీద వచ్చి కింద చేలు ఎండుతున్నాయని చెబితే మాసయ్య కూడా పైన నిండుగా ఎత్తాడు. ముగ్గురూ ఇళ్లకు పోయి తృప్తిగా అన్నం తిన్నారు.

పైనుంచి వచ్చిన నీళ్లకు కురుమయ్య షట్టరు అడ్డం లేదు. పెద్దన్న షట్టరు దారి ఇవ్వలేదు. సాయంత్రం ఆరింటికి రెండింటి మధ్యలో కట్ట తెగింది. అమృతమ్మ అనే రైతు రెండెకరాల వేరుశనగ ఇసుక మేట కింద పోయింది. చేను పక్కన కట్టేసిన పాడి బర్రె పలుపు తెంచుకోలేక అక్కడే చచ్చిపోయింది.

విచారణకు వచ్చిన సారు ముగ్గురినీ విడివిడిగా అడిగాడు. ఎవరు చెప్పింది వింటే వాళ్లదే న్యాయం అనిపించింది. చివరికి ఆయన కాగితం మీద "అకస్మాత్తుగా నీరు పెరుగుట వలన" అని రాసుకొని వెళ్లిపోయాడు.

కురుమయ్యకు మాత్రం ఆ కాగితంతో తీరలేదు. మూడో రోజు మాసయ్యనూ పెద్దన్ననూ తీసుకొని అమృతమ్మ చేను దగ్గరికి పోయాడు. ఆమె ఇసుకలో గంప పెట్టుకొని కూర్చొని, దొరికిన నాలుగు చెట్లు పీకుతోంది. వీళ్లను చూసి తిడుతుందనుకున్నారు. ఆమె తిట్టలేదు.

"మీరు ముగ్గురున్నరు గదా," అంది. "ఒక్కనికన్న మాట్లాడుకోవాలె అనిపియ్యలేదా?"

"ఎట్ల మాట్లాడాలె అక్కా? ఆయన ఆడ, నేనీడ," అన్నాడు కురుమయ్య.

"నీళ్లు పారేటప్పుడు మాట్లాడరాకపోతె, పారకముందే మాట్లాడుకోవాలె."

ఆ మాటతోనే పొత్తు కుదిరింది. ముగ్గురూ ఆ కట్ట మీదే పొద్దు వాలేదాకా కూర్చొని మాట్లాడుకున్నారు. మాసయ్య పొద్దున ఒక్కసారే చక్రం ముట్టాలి. ఆ నీళ్లు వచ్చాక మధ్యాహ్నం కురుమయ్య ఒక్కసారే ముట్టాలి. సాయంత్రం పెద్దన్న ఒక్కసారే. ఎంత తొందరున్నా నాలుగు చుట్లకు మించి తిప్పకూడదు. గట్టి వాన మొదలైతే మాసయ్య ఎవరూ చెప్పకుండానే రెండు విడతలుగా దించేయాలి. ఏం జరుగుతుందో అర్థం కానప్పుడు కురుమయ్య తన పక్కనున్న చిన్న షట్టరు ఎత్తి కొన్ని నీళ్లు వాగులోకి వదలాలి. ఆ పక్క షట్టరు ముగ్గురిలో అతనికొక్కడికే ఉంది.

"నేను తప్పు జేసిననుకో తమ్మీ, నువ్వు వాగుల వదుల్తవని నాకు ధీమా ఉండాలె," అన్నాడు మాసయ్య.

"వదుల్త అన్నా. గని నువ్వు రోజూ గదే ధీమా పెట్టుకోకు," అన్నాడు కురుమయ్య.

పొత్తు పాటించడం సులువు కాలేదు. కళ్ల ముందు చేను వాడుతుంటే, చేతిలో చక్రం ఉంచుకొని "రేపు మధ్యాహ్నం దాకా ముట్టను" అనడానికి గుండె కావాలి. కురుమయ్య బావ డేవిడ్ పొలం కూడా ఆ కాలువ కిందే. ఒక ఏడాది అతని మిరప నాటు వాడుతుంటే ఒక్క చుట్టు ఎక్కువ తిప్పమని అడిగాడు. కురుమయ్య తిప్పలేదు. డేవిడ్ ఏడాదిన్నర మాట్లాడలేదు. జములమ్మ తన అన్న డేవిడ్ ఇంటికి ఒక్కతే పోయి వచ్చేది.

కట్ట మాత్రం మళ్లీ తెగలేదు.

రెండు వేల ఆరులో అర్చన వచ్చింది. కల్వకుర్తిలో ఎరువుల దుకాణం నడిపే ఆయన కూతురు. హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. జీపులో మూడు ఇనుప పెట్టెలు తెచ్చింది. ఒక్కో పెట్టెలో చిన్న కంప్యూటరు, నీటి మట్టం కొలిచే తేలుడు బంతి, షట్టరు తిప్పే మోటారు, మిగతా రెండు పెట్టెలతో మాట్లాడే రేడియో. ఆ వానాకాలం మూడు షట్టర్లనూ పెట్టెలే చూసుకునేలా ఆమె నీటిపారుదల ఆఫీసు నుంచి అనుమతి తెచ్చుకుంది.

"ఈ పెట్టెల్లో ఒక్కో ఏజెంటు ఉంటుంది కాకా," అని ఆమె కురుమయ్యకు చెప్పింది.

"ఏజెంటంటె? బీమా కట్టించుకుంటరే, గా ఏజెంటా?"

అర్చన నవ్వింది. "కాదు. మనిషి లాంటిదే, కానీ ప్రోగ్రాము. తన దగ్గరి నీళ్లు చూసుకుంటుంది, ఏం చేస్తే మంచిదో లెక్క వేసుకుంటుంది, చేస్తుంది. ఒక్కటే ఉంటే ఆ లెక్క సులువు. మూడు ఉండి, ఒకదానికి కనపడేది ఇంకొకదానికి కనపడకపోతేనే కష్టం. అవతలిది ఏం చేస్తుందో ఇది ఊహించాలి. ఇది ఏం చేస్తుందో అవతలిది ఊహిస్తోందని కూడా ఊహించాలి. దీని మీదే నా చదువంతా."

కురుమయ్య పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "గిది మాసన్నను ఎన్నడన్న సూసిందా?" అని అడిగాడు.

"ఎందుకు చూడాలి? రేడియో ఉంది కదా."

"రేడియో పోతే?"

"పోతే చివరగా విన్నదాన్ని పట్టుకొని పని చేస్తుంది."

చదువుకున్న పిల్ల, ఆమెకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు కురుమయ్య.

ఆగస్టులో మూడు రోజుల పరీక్ష పెట్టారు. ఆ మూడు రోజులు లష్కర్లెవరూ ఏ షట్టరునూ ముట్టకూడదని ఆఫీసు వాళ్లు గట్టిగా చెప్పారు. మొదటి రోజు అంతా బాగానే జరిగింది. మోటారు గుర్రుమని తిరిగినప్పుడల్లా చూడ్డానికి జనం మూగారు. పని లేకుండా చేతులు కట్టుకొని కూర్చోవడం కురుమయ్యకు మాత్రం ఒళ్లంతా దురద పుట్టినట్టుగా ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం గుట్ట అవతల రేడియో ఆగిపోయింది. అర్చన ఆ సమయానికి కింద పెద్దన్న షట్టరు దగ్గర ఉంది. రేడియో ఆగిన సంగతి కురుమయ్యకు తెలియదు. అతనికి కనపడిందల్లా, తన పెట్టె షట్టరును నిండుగా ఎత్తడం. అదే సమయంలో కింది నుంచి సైకిలు మీద వచ్చిన ఒకాయన, పెద్దన్న దగ్గర పెట్టె షట్టరు బాగా దించిందని మాటల్లో చెప్పి పోయాడు.

కురుమయ్యకు ఏడేళ్ల కిందటి మధ్యాహ్నం కళ్ల ముందు నిలబడింది. ఇక తెలియాల్సింది ఒక్కటే, పైన మాసయ్య దగ్గరున్న పెట్టె ఏం చేసింది?

అతను కట్ట దిగి నీటి అంచున కూర్చున్నాడు. నీటి మీద ఎండు పుల్లలూ, గడ్డిపోచలూ కొట్టుకొస్తున్నాయి. నీళ్లు తగ్గుతున్నప్పుడు చెత్త ఒడ్డున అంటుకొని ఆగిపోతుంది. పెరుగుతున్నప్పుడే ఒడ్డు మీది ఎండు చెత్త లేచి వస్తుంది. అంటే పైనుంచి నీళ్లు పెరుగుతున్నాయి. ఎంత పెరుగుతున్నాయో మాత్రం పుల్లలు చెప్పవు. కాసిన్నా? కట్ట మీది దాకానా?

అక్కడ మూగిన వాళ్లలో ఒకాయన అన్నాడు: "ముట్టకు కురుమయ్యా. ముట్టొద్దన్నరు. ఏమన్న అయితె పెట్టె తప్పయితది, నీదెందుకయితది?"

ఆ మాట నిజమే. చేతులు కట్టుకొని కూర్చుంటే అతని మీద ఎవరూ వేలు చూపరు. కురుమయ్య లేచి పావుగంట సేపు కట్ట మీద అటూ ఇటూ తిరిగాడు. తర్వాత పోయి పక్క షట్టరు చక్రం పట్టుకొని పైదాకా తిప్పాడు. నీళ్లు వాగులోకి దుమికాయి.

రెండు రోజులు కాలువ చివరి ఊళ్లకు చుక్క నీళ్లు అందలేదు. అక్కడి రైతులు ఆఫీసు ముందు కూర్చున్నారు. పరీక్ష చెడగొట్టాడని, నీళ్లు వృథా చేశాడని కురుమయ్యను పనిలోంచి ఆపేశారు.

అతను ఇంట్లో కూర్చున్నాడు. పనికి పోని రోజు ఎట్లా గడపాలో అతనికి తెలియదు. పొద్దున్నే లేచి తయారై, వాకిట్లోకి వచ్చి, మళ్లీ లోపలికి పోయేవాడు. జములమ్మ కూలికి పోతూ అతనికి అన్నం మూత పెట్టి పోయేది. పరీక్ష జరిగిన వారానికి డేవిడ్ వచ్చాడు.

"నా మిరపకు ఒక్క సుట్టు తిప్పలే గని, వాగుకు మాత్రం నిండ తిప్పినవ్," అన్నాడు. ఆ తర్వాత నవ్వి, పక్కన కూర్చొని బీడీ ఇచ్చాడు. ఇద్దరి మధ్యా ఉన్న పాత గొడవ ఆ పూటతో పోయింది.

పన్నెండో రోజున అర్చన వచ్చింది. పెట్టెల్లో నమోదైనవన్నీ కాగితాల మీద తీసుకొని వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"కాకా, మీ ముందు అబద్ధం చెప్పలేను," అంది. "మాసయ్య గారి దగ్గర పెట్టె ముందు నిండుగా ఎత్తింది. గంట తర్వాత మళ్లీ సగం దించింది. ఆ నీళ్లన్నీ లెక్క కట్టి చూశాను. మీరు వాగులోకి వదలకపోతే నీళ్లు కట్ట అంచుకు రెండు వేళ్ల కింద దాకా వచ్చి ఆగేవని వచ్చింది."

కురుమయ్య తల దించుకున్నాడు. "అంటె నేను తప్పు జేసినట్టే."

"మా కాలేజీ సారు కూడా అదే అన్నారు. కానీ ఇంకొకటి ఉంది. నా బంతి కొలతలోనే మూడు వేళ్ల తేడా ఉంటుంది. నీళ్లు కట్ట దాటేవేమో కూడా! ఎవరికీ తెలియదు. కాగితాలన్నీ ముందేసుకొని కూర్చున్నా నాకే ఇవ్వాళ్టికీ తెలియదు. మీకు అక్కడ ఎట్లా తెలిసింది?"

"నాకూ తెల్వలే బిడ్డా."

"మరి ఎందుకు ఎత్తారు?"

కురుమయ్యను ఎవరూ ఎప్పుడూ ఇట్లా అడగలేదు.

"తెల్వనప్పుడు ఏది మంచిగైతదని సూడొద్దు. ఏది చెడిపోతె మళ్ల సరిజేసుకోవచ్చో గది సూడాలె. నీళ్లు వాగుల పోతె రెండొద్దులకు మళ్లొస్తయి. కట్ట తెగితె అమృతమ్మక్క చేను మళ్ల రాదు. ఇంకోటి, మాసన్న నా మీద ధీమాతోని ఉంటడు. పెట్టె ఉన్నా సరే, గా తావు మాసన్నదే గదా. గా ధీమాను నేనెట్ల తప్పుత?"

ఆ ధీమా ఏమిటని అడిగాకే ఆమెకు ఆ పొత్తు సంగతి తెలిసింది. అంతకుముందు ఏ కాగితంలోనూ అది లేదు. లష్కర్లు ఇంత పొద్దుకు ఇంత ఎత్తుతారని ఆఫీసు లెక్కల్లో ఉంది గానీ, ఎందుకో ఎవరూ రాయలేదు.

అర్చన హైదరాబాదు పోలేదు. ఒక నోటుబుక్కులో ఇరవై ప్రశ్నలు రాసుకొని ముగ్గురి దగ్గరికీ విడివిడిగా పోయింది. నీళ్లు ఇట్లా ఉన్నాయి, పొద్దు ఇక్కడుంది, మబ్బు పట్టింది, నువ్వేం చేస్తావు? అదే సమయానికి మిగతా ఇద్దరూ ఏం చేస్తుంటారని అనుకుంటావు? ఇరవైలో పదిహేడు ప్రశ్నలకు, ఒకడు తాను చేస్తానన్నదీ మిగతా ఇద్దరూ అతను చేస్తాడని అనుకున్నదీ ఒక్కటే అయింది. పెద్దన్న అయితే, "కురుమన్న గీడ ఒక్క చుట్టు తక్కువ తిప్పుతడు, ఆయనకు భయమెక్కువ, అందుకే నేను ఒక్క చుట్టు ఎక్కువ ఎత్తుత," అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె చాలాసేపు కట్ట మీద తిరిగింది. మూడు పెట్టెలకూ తాను మంచి తెలివే ఇచ్చింది. కానీ అవి ఒకదాన్ని ఇంకొకటి ఎరిగి ఉండాలన్నది తనకు తోచలేదు. రేడియో ఉంటే చాలనుకుంది.

కురుమయ్య చేసిన పని ఆ సమయానికి అతనికి తెలిసిన సంగతులను బట్టి సరైనదేనని, తప్పు తన ప్రోగ్రాములో ఉందని ఆమె ఆఫీసుకు ఉత్తరం రాసి సంతకం పెట్టింది. చదువుకు దెబ్బ తగులుతుందని కాలేజీలో వద్దన్నారట. రాసింది. పందొమ్మిదో రోజున కురుమయ్యను మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

మరుసటి వానాకాలానికి ఆమె ప్రోగ్రాములు మార్చుకొని వచ్చింది. ఇప్పుడు రేడియో ఉన్నా లేకున్నా పెట్టెలు ముందే ఒక ఒప్పందంతో బయలుదేరతాయి. పైది పొద్దున, నడిమిది మధ్యాహ్నం, కిందిది సాయంత్రం. కొంచెం కొంచెంగా. పైపెట్టె ఏమేం చేసి ఉండొచ్చో నడిమి పెట్టె మనసులో నాలుగైదు రకాలుగా పెట్టుకొని, తన దగ్గరికి వచ్చే నీళ్లను చూసి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వస్తుంది. ఎటూ తేలకపోతే వాగులోకి వదులుతుంది. ఈసారి అర్చన కావాలనే రేడియో తీసేసింది. నెల రోజుల్లో ఒక్కసారే వాగులోకి నీళ్లు పోయాయి. చివరి ఊళ్ల రైతులు పరీక్ష జరుగుతున్న సంగతే మర్చిపోయారు.

ఆమె పరిశోధన పుస్తకం అచ్చయ్యాక మొదటి పేజీ తెచ్చి చూపించింది. అందులో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. అంతా ఇంగ్లిష్. జములమ్మ ఆ కాగితాన్ని దేవుని పటం వెనక పెట్టింది.

రెండు వేల ఎనిమిది మొదట్లో మాసయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మహబూబ్‌నగర్ దవాఖానలో నెల రోజులు ఉంచి ఇంటికి పంపారు. అతని స్థానంలో కొత్త మనిషిని వేయలేదు. చదువు అయిపోయాక అర్చన ఒక పెట్టెను ఇచ్చి పోయింది గనక, దాన్ని మాసయ్య షట్టరుకు బిగించారు.

కురుమయ్యకు ఇది మింగుడు పడలేదు. ఇదివరకు పెట్టెలతో పెట్టెలు పని చేశాయి. ఇప్పుడు పైన పెట్టె, కింద తను. వీలు చిక్కినప్పుడల్లా పెద్దన్నను తన షట్టరు దగ్గర ఉంచి, తాను పైకి పోయి ఆ పెట్టె ముందు కూర్చునేవాడు. పొద్దున మోటారు తిరిగినప్పుడు చుట్లు లెక్కపెట్టేవాడు. చినుకులు పడ్డ రోజు గొడుగు వేసుకొని పోయి చూశాడు. జములమ్మ ఒకరోజు అడిగింది: "ఏంది, దానికేమన్న పిల్లనిస్తున్నవా గట్ల పోయి సూస్తున్నవ్?"

"దాని గుణం తెల్వాలె గదా. తెల్వకుంట దాని కింద నేనెట్ల పని జేస్త?"

నెల రోజులకు తెలిసింది. ఆ పెట్టె మాసయ్య కన్నా ఆలస్యంగా కదులుతుంది. వాన విషయంలో మాత్రం అతని కన్నా ముందే జాగ్రత్త పడుతుంది. మొహమాటం లేదు, ఎవరు బతిమాలినా వినదు. కురుమయ్య దానికి తగ్గట్టు తన చుట్లు మార్చుకున్నాడు గానీ, పోయి దాని ముందు కూర్చోవడం మానలేదు.

రెండు వేల తొమ్మిది అక్టోబరు మొదట్లో ఆగకుండా వానలు పట్టుకున్నాయి. గద్వాల వైపు ఊళ్లు మునిగాయని రేడియోలో చెబుతున్నారు. రెండో రోజు పొద్దున పదకొండింటికి కురుమయ్య తన షట్టరు దగ్గర తడిసి నిలబడి ఉన్నాడు. పక్క షట్టరు ఎత్తి ఉంచాడు. పైకి పోయే దారి వాగు పొంగి తెగిపోయింది. ఫోను పలకడం లేదు. అప్పుడు పెద్దన్న కట్ట మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"కురుమన్నా, అమృతమ్మ చేను కాడ ఎండ్రకాయ బొక్కల నుంచి నీళ్లు బయటికొస్తున్నయి! ఊటబుగ్గ లెక్క వస్తున్నయి. నేనొక్కనితోని గాదు!"

ఒక్క మనిషి, రెండు పనులు. ఇక్కడ ఉంటే వచ్చే నీళ్లను చూసుకుంటూ చక్రం తిప్పవచ్చు. పోతే ఆ కట్టను ఆపవచ్చు. కానీ పైన పెట్టె దించకపోతే, వాళ్లు కట్ట కింద ఉండగానే నీళ్లు మీదికి వస్తాయి. రెండో విడత దించాల్సిన సమయం దాటి అరగంట అయింది. దించిందో లేదో తెలిసే దారి లేదు. కరెంటు పోయిందా, పెట్టె మునిగిందా, అదీ తెలియదు.

"మాసన్న ఉంటె పోయేటోన్ని," అన్నాడు కురుమయ్య.

"మాసన్న లేడు గదా. ఏం జేద్దాం?"

కురుమయ్య నీళ్లలోకి చూశాడు. ఇంతకుముందు కొట్టుకొచ్చిన చెత్త ఇప్పుడు లేదు. మొదటి విడత దించిందని మాత్రం దాన్ని బట్టి అనుకోవచ్చు. రెండో విడత నీళ్లు ఇంకా రాలేదు. ఏడాదిన్నర నుంచి చూస్తున్నాడు, అది వానను ఒక్కసారీ మర్చిపోలేదు.

"అది దించే ఉంటది," అన్నాడు. పక్క షట్టరును ఇంకో నాలుగు చుట్లు పైకి ఎత్తి, చక్రానికి గొలుసు వేసి, పార భుజాన వేసుకొని పెద్దన్నతో పరుగెత్తాడు.

అక్కడ అమృతమ్మ అప్పటికే మోకాటి లోతు బురదలో నిలబడి సంచుల్లోకి మన్ను ఎత్తుతోంది. డేవిడ్ వచ్చాడు, ఊళ్లోంచి ఇంకో పదిమంది వచ్చారు. కట్ట లోపలి వైపు బొక్కలో గడ్డి కుక్కి, బయట మన్ను సంచులు పేర్చారు. కురుమయ్య మనసు సగం పైనే ఉంది. వినపడే చెవిని పైకి తిప్పి పెట్టుకొని పని చేశాడు. రెండున్నర గంటల తర్వాత కట్ట లోపల తాను నాటిన పుల్ల చూశాడు. నీళ్లు వేలెడు దిగాయి. ఇంకో అరగంటకు జానెడు దిగాయి.

"దించిందే! దించింది!" అని అరిచాడు. అతను అట్లా అరవడం ఎవరూ అంతకుముందు వినలేదు. ఏమయిందో తెలియని వాళ్లు కూడా నవ్వారు.

వాగు తగ్గాక కురుమయ్య మాసయ్య ఇంటికి పోయాడు. వారానికొకసారి పోయి అతనికి గడ్డం గీయడం అలవాటు. మాసయ్య మాట ముద్దగా వస్తుంది గానీ మతి బాగానే ఉంది. జరిగిందంతా విన్నాడు. గడ్డం మీద నురగతో పైకి చూశాడు. కంటి కొనల్లో నీళ్లు వచ్చాయి.

"ఏమైందన్నా? కత్తి తగిలిందా?"

"లే. నేను లేకున్న... పని నడిచింది."

కురుమయ్యకు సంతోషమో బాధో ఆ ముఖంలో తెలియలేదు. తువ్వాలతో మాసయ్య కళ్లు తుడిచాడు.

"నడిచింది అన్నా," అన్నాడు. "గని నేను దాన్ని ఎట్ల నమ్మిన్నో ఎరుకేనా? ఏడాదిన్నర పోయి దాని ముంగట కూసున్న. నిన్ను నమ్మనీకి నాకు ఒక్క సాయంత్రం పట్టింది."

మాసయ్య పెదవి ఒక పక్కకే కదిలింది. నవ్వే.

"ఇగ మెదలకు," అని కురుమయ్య అతని గడ్డం పట్టుకొని రెండో చెంప వైపు తిప్పాడు.